మిరుగు నాటి ఫ్యూజు

నారాయణగూడ చౌరస్తాలో బండిని చిక్కడపల్లి వైపు తిప్పగానే, వెనక నుంచి రావలసిన చప్పుడు రావడం లేదని నవనీత గమనించింది.

ఇంజను బాగానే ఉంది. ఆగిపోయింది పంపు. పికప్ వెనక బిగించిన రెండు ప్లాస్టిక్ ట్యాంకుల్లోకి గాలి కొట్టే చిన్న పంపు. తెల్లవారుజామున చెరువు దగ్గర బయలుదేరినప్పటి నుంచీ గుయ్‌మంటూనే ఉంది. ఇప్పుడు లేదు.

ఆ ట్యాంకుల్లో నూట యాభై చేపలున్నాయి. రవ్వలు, బంగారు తీగలు. అన్నీ బతికున్నవే. గాలి ఆగాక అవి బతికేది పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు.

మూసి ఉన్న ఒక షట్టర్ ముందు బండి ఆపి కిందికి దూకింది.

"ఏమాయెనే?" పక్క సీట్లోంచి కనకయ్య అడిగాడు. నవనీతకు మామ, మొగుడి తండ్రి. నలభై ఏళ్లు గంపలో ఐసు పరిచి చేపలమ్మిన మనిషి.

"పంపు ఆగింది మామా."

"నేను జెప్పలే?" అన్నాడు కనకయ్య. అతను నిజంగానే చెప్పాడు, రెండు నెలలుగా రోజూ చెబుతున్నాడు. బతికున్న చేపను ట్యాంకులో ఊరేగించడం పిచ్చిపని అని అతని అభిప్రాయం. తను స్కూలు వ్యాను నడిపే ఉద్యోగం మానేసి, ఈ ట్యాంకుల బండి పెడదామని మొగుడు గణేశ్‌ను ఒప్పించింది నవనీతే. కనకయ్య ఒక్క షరతు మీద ఊరుకున్నాడు. మిరుగు దాకా చూస్తాడు. ఆ రోజు గనక చేపలు చచ్చాయంటే ట్యాంకులు ఊడదీసి మళ్లీ గంపలే.

ఇవాళే మిరుగు. మృగశిర కార్తె మొదలయ్యే రోజు నగరంలో చేప వండని ఇల్లు తక్కువ. అశోక్‌నగర్ సందులో వాళ్ల కొట్టు ముందు పొద్దున ఏడింటికే జనం చేరారని గణేశ్ ఫోన్ చేశాడు కూడా.

నవనీత బండెక్కి ట్యాంకు మూత తీసింది. బుడగలు లేవు. చేపలింకా అడుగునే ఉన్నాయి. రెండు మాత్రం పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

టైము ఎనిమిదీ నలభై.

పంపు మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది, అంతే. పంపు కాలిపోయిందా, కరెంటు రావడం లేదా? రెండోదైతే నయం. క్యాబిన్‌లోకి వచ్చి ఫోన్ చార్జర్ చూసింది. సాకెట్‌లో గుచ్చితే ఎర్రగా వెలిగే దాని లైటు వెలగడం లేదు. పంపుకూ సాకెట్‌కూ దారి ఒకటే. రెండూ ఒకేసారి ఆగాయంటే పంపు మంచిదే, ఫ్యూజు పోయింది.

"చిన్నదే మామా. రెండు నిమిషాల పని."

"అన్నీ చిన్నయే నీకు."

స్టీరింగు కింద, మోకాలి దగ్గర ఉన్న ఫ్యూజుల డబ్బా మూత ఊడదీసింది. మూత లోపలి వైపు బొమ్మలున్నాయి, ఏ ఫ్యూజు దేనిదో. సాకెట్ బొమ్మకు ఎదురుగా ఉన్నది నీలం రంగుది, పదిహేను ఆంపియర్లు. తాళం తీసేసి, డబ్బాలోనే ఉండే ప్లాస్టిక్ పట్టకారతో దాన్ని లాగి వెలుతురుకు పెట్టి చూసింది. మధ్యలో ఉండే సన్నటి తీగ తెగి, చుట్టూ మసి పట్టింది.

మూతలో స్పేరు ఒకటుంది. అదే నీలం, అదే పదిహేను. గుచ్చి తాళం తిప్పింది.

టప్.

అంతే. చార్జర్ ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. నవనీత నాలుక కరుచుకుంది. ఫ్యూజు ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది పెట్టడం ఎంత తెలివితక్కువ పనో ఆమెకు తెలుసు. తెలిసీ చేసింది. ఉన్న ఒక్క స్పేరూ పోయింది. స్పేర్‌పార్టుల దుకాణాలు పదింటికి గాని తెరవరు.

ఎనిమిదీ నలభై ఆరు.

వెనక నీళ్ల చప్పుడైంది. కనకయ్య లుంగీ ఎగ్గట్టి ట్యాంకు పక్కన నిలబడ్డాడు. బకెట్‌తో నీళ్లు ముంచి, చెయ్యి ఎంత పైకి పోతే అంత పైకి లేపి, మళ్లీ ట్యాంకులోకే ధారగా వదులుతున్నాడు. పడిన చోట నురగ లేస్తోంది. ఒక ట్యాంకులో నాలుగు బకెట్లు, తర్వాత రెండో ట్యాంకులో నాలుగు.

"జెల్దీ జూడు. నా రెట్టలు పంపు గాదు," అని అరిచాడు.

పక్కన ఒక ఆటో ఆగింది. డ్రైవర్ తల బయట పెట్టాడు.

"ఏందక్కా, పరేషాన్?"

"ఫ్యూజు పోయిందన్నా. పదిహేనుది ఉన్నదా?"

"ఫ్యూజెందుకక్కా!" జేబులోంచి సిగరెట్ పెట్టె తీసి అందులోని వెండి కాగితం చించాడు. "గిది సుట్టి కొట్టు. నా బండి ఏడాది సంది గిట్లనే నడుస్తున్నది."

కనకయ్య బకెట్ ఆపాడు. "పెట్టరాదే! పాణాలు పోతున్నయ్ ఈడ."

నవనీత ఆ కాగితం వైపు ఒక్క క్షణం చూసింది. అశోక్‌నగర్ ఇంకో కిలోమీటరు. కాగితం చుడితే పంపు తిరగొచ్చు.

"వద్దన్నా. లోపల ఎక్కడో వైరు తాకుతున్నది. ఫ్యూజు తెగకుంటే వైరు కాలుతది. వైరు కింద డీజిల్ ట్యాంకున్నది."

"నీ ఇష్టమక్కా. చదువుకున్నోళ్లు." ఆటో వెళ్లిపోయింది.

ఆమె వైరును వేళ్లతో పట్టుకుంటూ వెళ్లింది. క్యాబిన్ వెనక రంధ్రంలోంచి బయటికొచ్చి, బండి అంచు వెంట పోయి, మొదటి ట్యాంకు కిందికి దూరింది. కాళ్లకు తగలకూడదని ఆ వైరును ట్యాంకు కింద నుంచి వేయించింది తనే. పడుకుని చెయ్యి లోపలికి చాపింది. అతుకు దొరికింది. దాని మీది టేపు ఊడి తోకలా వేలాడుతోంది. రాగి తీగలు బయటపడి బండి ఇనుముకు ఆనుకున్నాయి.

బయటికి తీసిన వేళ్ల మీద తెల్లటి పొడి అంటింది. సున్నమా? నాలుకకు రాసుకుంది.

ఉప్పు.

లేచి నిలబడింది. బకెట్ ఎత్తిన కనకయ్య ఆమె మొహం చూసి చూపు తిప్పుకున్నాడు.

"మామా. ట్యాంకుల ఉప్పేసినవా?"

"కళ్లుప్పేస్తే చాపలు బెదరయ్. మా నాయన గుడ ఏస్తుండె."

"ఎంతేసినవ్?"

"గుప్పెడే."

"మామా."

"అంబర్‌పేట్ల సిగ్నల్ కాడ ఇంకో గుప్పెడు. నువ్వు చాయ్ తెస్త అని పోయినవ్ గద, అప్పుడు."

"ఇయ్యాల్నేనా?"

కనకయ్య బకెట్ ధార వదిలాడు. "రోజు ఏస్తున్న. బతకాల్ననే గద ఏసిన," అన్నాడు, మెల్లగా.

నవనీతకు కోపం వచ్చింది, వచ్చినంత వేగంగానే దారి తప్పింది. ట్యాంకులు ఊడదీస్తానన్న మనిషి, అవే ట్యాంకుల్లోని చేపల కోసం రెండు నెలలుగా చాటుగా ఉప్పు మోస్తున్నాడు. స్పీడు బ్రేకర్ దగ్గరల్లా ఆ ఉప్పునీళ్లు తొణికి కిందికి కారాయి. టేపు జిగురును తినేశాయి.

"వైరు కింది నుంచి ఏసింది నేను. తప్పు నాది గుడ ఉన్నది," అంది. "బకెట్ ఆపకు."

టూల్ డబ్బాలోంచి కట్టర్, టేపు తీసింది. పచ్చగా చిలుము పట్టిన తీగ ముక్కలు కత్తిరించి, కొత్త రాగి తేలేదాకా పైతొడుగు ఒలిచి, మామ భుజం మీది తువ్వాల లాగి తుడిచింది. తీగలు గట్టిగా మెలిపెట్టి టేపు నాలుగు చుట్లు చుట్టింది. ఈసారి వైరును కిందికి పోనివ్వలేదు. పైకి లాగి, ట్యాంకు కన్నా ఎత్తున ఉన్న ఇనుప కమ్మీకి తాడుతో కట్టింది.

ఎనిమిదీ యాభై నాలుగు. చేపలన్నీ పైనే ఉన్నాయి. కొన్ని పక్కకు ఒరుగుతున్నాయి.

ఇక కావలసింది ఫ్యూజు. మూత మీది బొమ్మలు ఇంకోసారి చూసింది. బూర బొమ్మకు ఎదురుగా ఉన్నదీ నీలమే, పదిహేనే. లాగేసింది.

"అది దేనిదే?"

"హారన్‌ది."

"హారన్ లేకుండ చిక్కడపల్లి దాటుతవా?" కనకయ్య నోరు తెరిచాడు. "బ్రేకుల్ లేకుండ అంటే నమ్ముత గని!"

ఫ్యూజు గుచ్చింది. తాళం మీద చెయ్యి వేసి ఆగింది. ఇది కూడా పోతే ఇంకో దారి లేదు. తిప్పింది.

చార్జర్ లైటు వెలిగింది. ఆరలేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. నాలుగు దగ్గర వెనక నుంచి పంపు గుయ్‌మంది.

"వస్తున్నయ్! బుడగలొస్తున్నయే!" కనకయ్య అరుపు రోడ్డు అవతలికి వినపడింది.

అతను మళ్లీ ముందుకు రాలేదు. వెనకే, ట్యాంకుల మధ్య, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. చిక్కడపల్లి రోడ్డు మొదలయ్యేసరికి అతని గొంతు లేచింది.

"ఓ బైకన్నా, జరుగు! తెల్లంగి, నిన్నే! జర పక్కకు గొట్టు, చాపలు సస్తున్నయ్ ఈడ!"

బైకువాడు వెనక్కి తిరిగి చూసి జరిగాడు. సిటీ బస్సు మాత్రం జరగలేదు. కనకయ్య డ్రైవర్‌ను పేరు పెట్టి పిలవకుండానే అతని ఏడు తరాలనూ పలకరించాడు. నవనీత నవ్వు ఆపుకుంటూ గేరు మార్చింది.

అశోక్‌నగర్ సందులో బండి ఆగేసరికి కొట్టు ముందు ముప్ఫై మంది ఉన్నారు. హాస్టల్ వంటమనిషి రెండు పెద్ద గిన్నెలతో అందరికన్నా ముందు నిలబడింది. గణేశ్ పరుగున వచ్చి మూతలు తీశాడు. తొమ్మిది చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. మిగతావి అతని మొహాన నీళ్లు కొట్టాయి.

"ఎందుకింత లేటు? తొమ్మిదెట్ల సచ్చినయ్?"

నవనీత నోరు తెరిచేలోగానే వెనక నుంచి సమాధానం వచ్చింది.

"నేనేసిన ఉప్పుకు వైరు ఖరాబైంది. నీ పెండ్లాం బాగు జేసింది. ఇంక అడగకు."

కనకయ్య ఆ తొమ్మిదింటినీ ఏరి గంపలో వేసి, ఇంటికి పట్టుకెళ్లడానికి పక్కన పెట్టాడు. చెయ్యి కడుక్కుని, రెండు నెలల్లో మొదటిసారి, వల బుట్ట తనే అందుకున్నాడు. ట్యాంకు పక్కన నిలబడి హాస్టల్ వంటమనిషిని పిలిచాడు.

"రా అక్కా. ఏది గావాల్నో ఏలు వెట్టి జూపియ్. తిరుగుతున్నదాన్నే పట్టిస్త."