వెచ్చని గోడ

కొలవనిదే ఆమె నోట మాట రాదు. మోటార్లకు తీగ చుట్టే షాపులో అందరూ ఆమెను కొలతమ్మ అనే పిలుస్తారు. వాన పడుతోందా అని అడిగినా, చెయ్యి బయటపెట్టి చూసొచ్చాకే జవాబు చెబుతుందని ఎగతాళి. అననీ, ఆమెకేం పట్టింపు లేదు. అంచనా వేసి చెప్పినవాళ్లు చుట్టిన మోటార్లన్నీ కాలిపోయి మళ్లీ తన బల్ల మీదికే వస్తాయి కదా!

అలాంటి మనిషికి కూడా ఆ మధ్యాహ్నం మేనత్త గదిలో సంచిలోంచి మీటరు తీయడానికి చేతులు రాలేదు. తల్లి పోయాక ఆమెను కడుపులో పెట్టుకుని పెంచింది ఆ అత్తే. ఇప్పుడామెకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. మంచం పక్కన ఆక్సిజన్ మిషను ఆడుతుంటేనే ఆమెకు ఊపిరి సరిగ్గా ఆడుతుంది. అది చాలదన్నట్టు చలి. గది కాస్త చల్లబడితే చాలు, దగ్గు తెరలు తెరలుగా వచ్చి మనిషి నీలంగా మారిపోతుంది. కాబట్టి హీటరు కావాలి, మిషనూ కావాలి. హీటరు పెట్టగానే మిషను కుయ్యోమని కూసి ఆగిపోతోంది. అదీ వచ్చిన తంటా.

అత్త కొడుకు, బావ, మిషను పాడైందనుకుని దాన్ని భుజాన వేసుకుని, కొన్న కొట్టు చుట్టూ తిరిగాడు. అక్కడ అది బంగారంలా పనిచేసింది. ఇంటికి తెచ్చాక మళ్లీ అదే కథ. హీటరు గురించి మాత్రం అతనికి మహా గర్వం. కాయిలు తెగినప్పుడల్లా కాలిన ముక్క కత్తిరించి, కొసలు మెలేసి పెడతాడు. ప్రతిసారీ ఇంకాస్త ఎర్రగా మండుతోందనీ, తన చేతి చలవేననీ పక్క గదుల వాళ్లకు కూడా చెప్పుకున్నాడు.

కొలతమ్మ మీటరు పెట్టింది. హీటరు ఆపితే రెండు వందల ఇరవై వోల్టులు. వేస్తే నూట ఎనభై. లాగుతున్న కరెంటు ఎనిమిది ఆంపియర్లు. నూట ఎనభైని ఎనిమిదితో భాగించింది. కరెంటుకు కాయిలు పెట్టే అడ్డు ఇరవై రెండున్నర ఓములు. కొన్న రోజున నలభై నాలుగు ఉండాలి. కత్తిరించి కత్తిరించి సగం చేశాడన్నమాట మహానుభావుడు. కాయిలు పొట్టిదైన కొద్దీ అడ్డు తగ్గుతుంది, కరెంటు ఎక్కువ పారుతుంది. అంత కరెంటు మోయలేక వోల్టేజీ పడిపోతే, మిషను ఊరుకుంటుందా?

మరి దారిలో పోయిన నలభై వోల్టులు ఎక్కడ? కింద కరెంటు మీటరు నుంచి నాలుగో అంతస్తు దాకా గోడల్లో పాకిన సన్నటి పాత తీగే మింగేస్తోంది. నలభైని ఎనిమిదితో హెచ్చిస్తే మూడు వందల ఇరవై వాట్లు. ఆ వేడంతా గోడల్లోనే పుడుతోంది. ఎప్పుడో ఒకరోజు ఆ తీగ అంటుకోక మానదు.

అప్పుడు చూసిందామె మంచాన్ని. కిటికీ దగ్గర ఉండాల్సిన మంచం గోడకు ఆనించి ఉంది. అత్త వీపు గోడకు చేరేసి కూర్చుంది.

"ఈ గోడ ఎంత వెచ్చగా ఉందో చూడవే అమ్మాయ్" అంది అత్త, ఊపిరి కూడదీసుకుంటూ. "నేనే జరపమన్నాను. మీ అమ్మ పక్కన పడుకున్నట్టే ఉంది."

కొలతమ్మ గోడ మీద అరచెయ్యి పెట్టింది. వెచ్చగానే ఉంది.

బావను వరండాలోకి పిలిచి సంగతి చెప్పింది. కొత్త తీగ లాగుదామంటే, నిరుడు బయటి నుంచి లాగిన తీగను ఇంటి యజమాని మనిషి కత్తిరించిపోయాడు. ఇంకోసారి లాగితే మీటరే పీకేస్తానన్నాడు. కూల్చేసే కట్టడానికి తీగలెందుకట. పోనీ ఇల్లు మారదామంటే, మిషనుకు కట్టేసిన ముసలిమనిషిని చూసి గది ఇచ్చేవాళ్లే లేరు. బావ తల పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు.

ఇక మిగిలింది ఒకటే ఉపాయం. ఆమె షాపుకు పోయి నలభై నాలుగు ఓముల కాయిలు కొలిచి మరీ చుట్టుకొచ్చి బిగించింది. వోల్టేజీ నూట తొంభై ఎనిమిది. మిషను ఆగలేదు. వేడి మునుపటంత లేదు గానీ, ఉంది. బావ మొహం చేటంతైంది. ఆమెకూ ఒక్క గంట పాటు ఆశ కలిగింది, అబద్ధమెందుకు.

పొద్దు వాలింది. వీధిలో ఇంటింటా హీటర్లు వెలిగాయి. మిషను కుయ్యోమంది.

ఆమె హీటరు ఆపి కొలిచింది. వీధి నుంచే రెండు వందలు వస్తోంది. వేసి కొలిచింది. మళ్లీ అదే నూట ఎనభై. నమ్మలేక మీటరు పుల్లలు తుడిచి ఇంకోసారి పెట్టింది. మీటరుకు ఎవరి మీదా జాలి ఉండదు.

ఊపిరా, వెచ్చదనమా? హీటరు ఆపేసింది. మిషను మళ్లీ గురగురమంది. బావ ఉన్న దుప్పట్లన్నీ తెచ్చి తల్లికి కప్పి, ఎటో చూస్తూ నిలబడ్డాడు.

కాసేపటికి అత్త చెయ్యి దుప్పటి లోంచి బయటికొచ్చి గోడను తడిమింది.

"చల్లబడిపోయిందే."

కొలతమ్మ మంచమెక్కి, గోడకూ అత్తకూ మధ్య ఇరుక్కుని పడుకుంది. మనిషి ఒంట్లోంచి వచ్చే వేడి వంద వాట్లకు మించదని ఆమెకు తెలుసు. వీపుకు గోడ చల్లగా తగులుతోంది. ఎలా కూడినా చాలదు. అప్పుడే అత్తకు దగ్గు మొదలైంది. తగ్గేదాకా గట్టిగా పట్టుకుంది.

"రేపు వెచ్చబడుతుందా గోడ?" అని అడిగింది అత్త.

"వెచ్చబడుతుంది అత్తా" అంది కొలతమ్మ, ఏమీ కొలవకుండానే.