తువ్వాలులో ఫోను

సబ్బాతు కోసం నిన్న పొద్దు గూకక ముందు ఎక్కించిన చోలెంట్, చిక్కుళ్లూ మాంసమూ కలిపిన కూర కుండ వేడిపలక మీద ఇంకా మగ్గుతోంది. హిందా రెండు చెంచాలు తిని పళ్లెం జరిపింది. ఎడమ భుజం నిమురుకుంది.

"ఏంటమ్మా?" అంది కూతురు తిర్జా.

"కడుపులో గాలి. కుండలో చిక్కుళ్లు కుమ్మరించావుగా. మీ హైఫాలో ఇలాగే వండుతారా, మనుషుల్ని చంపడానికి?"

తిర్జా నవ్వబోయింది. తల్లి పెదవి మీద చెమట కనపడింది. యెరూషలేములో జనవరి, చెమట పట్టే కాలం కాదు.

"అంబులెన్సును పిలుద్దాం."

"సబ్బాతు పూట గాలికి అంబులెన్సా? పో, పుదీనా నీళ్లు పట్రా. వేడినీళ్లు తిన్నగా ఆకుల మీద పొయ్యకు. ముందు ఒక గ్లాసులోకి వంచు, దాన్నుంచి ఇంకో గ్లాసులోకి, అప్పుడు ఆకులు. లేకపోతే సబ్బాతునాడు వండినట్టే, అది తప్పు."

తిర్జా ముందు వీధి తలుపు తీసి మెట్ల మీదికి కేకేసింది. ఎవరూ పలకలేదు. పైవాళ్లు కూతురింటికెళ్లారు, ఎదురింటివాళ్లు ప్రార్థన నుంచి ఇంకా రాలేదు. ఇంటి ఫోను గురువారం నుంచి మూగబోయింది.

వంటింట్లో తలుపు వెనక ఆమె సంచి వేలాడుతోంది. అందులో తువ్వాలు, తువ్వాలులో ఫోను. సబ్బాతునాడు ముట్టకూడని దాన్ని ఆపకుండానే, తల్లికి తెలియకుండా దాచింది.

ప్రాణం మీదికొస్తే సబ్బాతు అడ్డు కాదని ఆ ఇంట్లో పసిపిల్లకైనా తెలుసు. తిర్జా భయం అది కాదు. అన్న ఆషెర్ సబ్బాతునాడు కారెక్కాడని తెలిసిన రోజు నుంచి తల్లి అతని పేరు నోటి మీదికి రానివ్వలేదు. అది గాలే అయితే, ఫోను బయటపెట్టి తల్లిని పోగొట్టుకోవాలి. గాలి కాకపోతే, దాచిపెట్టి పోగొట్టుకోవాలి. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్లు వంచుతూ, దొంగలా చెవులు రిక్కించి తల్లి ఊపిరి వింది.

ముందుగదిలో పళ్లెం పగిలింది.

హిందా కుర్చీలో పక్కకు ఒరిగిపోయింది. ముఖం బూడిద రంగు. తిర్జా వంటింట్లోంచి సంచి తెచ్చి తువ్వాలు లాగింది. ఫోను వెలిగింది. తల్లి కళ్లు ఆ వెలుగు మీదే నిలిచాయి.

"అమ్మా, ఇది..."

"నొక్కవే." మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "వచ్చినప్పుడల్లా నీ సంచి తుమ్మెదలా గుయ్యిమంటుంటే... నాకు చెవుడనుకున్నావా? ప్రాణం పోతుంటే ఆలోచిస్తూ కూచునేవాడు హంతకుడే అనేవాడు మీ నాన్న. నొక్కు."

నొక్కింది.

సబ్బాతు తెల్లచొక్కాలో ఒక గడ్డపాయన, అత్యవసర వైద్యసేవ వాడు, మోటారు సైకిలు మీద వచ్చాడు. హిందా ఛాతీకి తీగలు అంటించి, కాగితం మీది గీత చూసి, అంతవరకూ చెబుతున్న కబుర్లు ఆపేశాడు. వెనకే అంబులెన్సు వచ్చింది.

అంబులెన్సులో, స్ట్రెచరు మీద తల్లి వేళ్లు కూతురి చెయ్యి వెతుక్కున్నాయి. ఆ చేతిలోని ఫోను గుయ్యిమంది. హైఫా నుంచి తన మొగుడు. తిర్జా ఆపబోయింది.

"ముట్టుకోకు. పిలవడం అయిపోయింది. ఇంక సబ్బాతే." కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "బతికొస్తే చెప్తాను నీ సంగతి."

"చెప్పమ్మా. ఎంత తిట్టినా పడతాను. అన్నయ్యని కూడా పిలుస్తాను, ఇద్దర్నీ కలిపి తిడుదువుగాని."

కూతురి చేతిలో ఆమె వేళ్లు మెల్లగా వదులయ్యాయి. గడ్డపాయన తలుపు లాగి మూసి, త్వరగా పోనిమ్మన్నాడు.

ఫోను ఒళ్లో మోగుతూనే ఉంది. తిర్జా దాన్ని ముట్టుకోలేదు.