సైపాన్ మీద విమానాలు లేని రోజు

ఆదివారం పొద్దున చూసేసరికి మావారి విమాన కర్మాగారాలు పన్నెండూ ఖాళీగా ఉన్నాయి.

మావారు ఉమాకాంత్ సూరత్ రైల్వేలో క్లర్కు. ఏడాదిన్నరగా కంప్యూటర్లో పసిఫిక్ యుద్ధం ఆడుతున్నారు. ఈయనది జపాన్. అమెరికా పక్షం వడోదరకు బదిలీ అయిన స్నేహితుడు జయదేవ్‌ది. రోజుకో ఎత్తు, ఎత్తుకు ఆటలోనూ ఒక రోజు గడుస్తుంది. ఇప్పుడు జయదేవ్ నౌకాదళం సైపాన్ దీవి వైపు వస్తోంది. ఆ దీవి పోతే ఆట పోయినట్టే.

ఈయన విమానాలు చాలావరకు పోయిన నెల యుద్ధంలో కూలాయి. అందుకని పాత హయబుసా రకం ఆపించి, కర్మాగారాలన్నిటినీ కొత్త హయాటేకు మార్చారు. మార్పు పూర్తయింది. విమానం మాత్రం ఒక్కటీ బయటికి రాలేదు.

"అన్నీ బాగానే ఉన్నాయి కదా అనూ, ఎందుకు రావట్లేదు?" అన్నారు దిగులుగా.

అప్పుడే రాజనర్సు వచ్చాడు. మా ఊళ్ళోనే, బమ్రోలి పేటలో మరమగ్గాల మేస్త్రీ. కూతురి స్కూలు ఫారం ఈయనతో నింపించుకోవాలని వచ్చి, టీ తాగుతూ సంగతంతా విన్నాడు.

"పన్నెండూ ఒక్కసారే మార్చిన్రా సారూ? మా సేఠ్ అయితే నన్ను గప్పుడే ఎల్లగొడ్తుండె. మేం రెండు మగ్గాల మీద కొత్త డిజైన్ ఎక్కిస్తం. మాల్ మంచిగొస్తెనే మిగతయి ముట్టుకుంటం. సరే గనీ, బీమ్ ఉన్నదా?"

"విమానానికి బీమేంటయ్యా?"

"పడుగు చుట్టిన బీమ్ లేకుంటే మగ్గం ఏం నేస్తది సారూ?"

విమానానికి పడుగు లాంటిది ఏమిటా అని నాకు ఆలోచన పట్టుకుంది. ఈయన చేతిలోని మౌస్ తీసుకుని పేజీలు తిప్పాను. ఇంజన్ల పట్టిక దొరికింది. హయబుసా ఇంజన్లు మూడు వందల నలభై, వాడేవాళ్ళు లేక పడి ఉన్నాయి. హయాటే ఇంజన్లు ఒక్కటీ లేవు. వాటిని చేసే కర్మాగారం ఇంకా సగమే కట్టారు.

"ఆ పేజీ చూడనే లేదు," అన్నారు నెమ్మదిగా.

రాజనర్సు టీ ఒలకబోసుకుంటూ నవ్వాడు. "బీమ్ లేకుంటనే బటన్ నొక్కిన్రు మా సారు!"

ఎనిమిది కర్మాగారాలను మళ్ళీ హయబుసాకు మార్చారు. మార్పుకు ఇరవై రోజులు. నౌకాదళం రావడానికి ఐదే.

ఇంతలో ఫోను. జయదేవ్. ఈయన స్పీకరు పెట్టారు.

"ఏరా, సైపాన్ మీద నీ విమానం ఒక్కటీ కనబడదేం? ఎక్కడ దాచావు? నా దగ్గరా నీ వేషాలు! నౌకలు దారిలోనే ఆపేశా. ముందు వెతికి గానీ రాను."

ఈయన నోరు తెరిచారు. నిజం చెప్పేస్తారని చెయ్యి నొక్కాను.

"మా కాడ గూడ గంతే," గుసగుసలాడాడు రాజనర్సు. "మగ్గాలు బందయితే, కొత్త డిజైన్ ఎక్కిస్తున్నరని పక్క సేఠ్ పరేశాన్ అయితడు."

ఈయన గొంతు సవరించుకున్నారు. "వెతుక్కో, నీ ఇష్టం," అని ఫోను పెట్టేశారు. కుర్చీలోంచి లేచారు.

"ఇంజన్ల పేజీ నువ్వు చూడు అనూ. రోజూ."

నేను అప్పటికే దాని కింది పేజీ తెరిచాను.