దొరసాని దీక్ష

వెంకటేశ్వరరావు మెడలో హనుమాన్ మాల పడిన నాటి నుంచి ఆ గడప తొక్కిన మగవాళ్ళంతా స్వాములయ్యారు, ఆడవాళ్ళంతా మాతలయ్యారు, పిల్లి ఒక్కటే పిల్లిగా మిగిలింది. ఆ భాగ్యం కూడా దానికి ఎక్కువ రోజులు దక్కలేదు.

ఏన్కూరు దాటి, చేలు సన్నబడి, చెట్లు చిక్కబడే చోట ఉంటుంది ఆ ఊరు. వెంకటేశ్వరరావు అక్కడ బీడీలు చుట్టే తునికాకు కొనే కల్లం నడుపుతాడు. ఎండాకాలంలో కూలీలు అడవంతా తిరిగి కోసుకొచ్చిన ఆకు కట్టలను వేలితో తిరగేసి, చిల్లున్నదని కొన్ని, చిన్నదని కొన్ని పక్కకు నెట్టడం అతని విద్య. ఆ ఒక్క విద్యతో లోకాన్నంతా తూచగలనని అతని నమ్మకం. ఆకులో చిల్లును రెప్పపాటులో పట్టే మనిషికి ఇంట్లోని ప్రాణి నొప్పి మాత్రం ఏళ్ళు గడిచినా కనిపించదని అతని భార్య ప్రమీల ఏనాడో తేల్చుకుంది. తేల్చుకుని, నోరు మూసుకుని, వాకిట్లో కుట్టుమిషను తొక్కుకుంటూ కూర్చుంది.

పిల్లి పేరు దొరసాని. పద్నాలుగేళ్ళ కింద ఆకు గోదాములో, గోనె సంచుల నడుమ పుట్టి, ప్రమీల ఒడిలో పెరిగి, ఇప్పుడు కిటికీ గట్టు మీద ముసలితనాన్ని మహారాణిలా మోస్తోంది. దానికి వయసు మళ్ళిందని తెలిసిన నాటి నుంచి ప్రమీల ఒక పద్ధతి పెట్టుకుంది. ఆరునెలలకోసారి దాన్ని మూతబుట్టలో కూర్చోబెట్టి, పైన పాత చీర కప్పి, ఖమ్మం బస్సెక్కుతుంది. అక్కడ డాక్టర్ హైమ దాని బరువు చూస్తుంది, చిగుళ్ళు చూస్తుంది, పొట్ట నొక్కి చూస్తుంది, నెత్తురు తీసి పరీక్ష చేస్తుంది. పిల్లి తన నొప్పిని ఎవరికీ చూపదని, అది చూపేదాకా ఆగితే ఆలస్యమైపోతుందని ఆ డాక్టరు ఒక్కసారి చెప్పింది. ప్రమీలకు రెండోసారి చెప్పించుకునే అవసరం రాలేదు.

ఊరికి మాత్రం ఇది నవ్వులాట. బుట్ట పట్టుకుని బస్టాపులో నిలబడితే చాలు, ఎవరో ఒకరు నోరు చేసుకునేవారు. "బర్రెకు దవాఖానా అంటే పాలిస్తది. మేకకంటే మాంసమిస్తది. గీ పిల్లి ఏమిస్తదక్కా నీకు?" అనేవారు. తనకేమీ ఇవ్వని దాన్ని చూసుకోవడమంటే ఏమిటో తెలియని మనుషులకు జవాబు చెప్పడం తన మాటలకే నామోషీ అనుకుని, ప్రమీల బస్సు వచ్చే వైపు చూసేది.

ఈసారి వెళ్ళవలసిన నెల మాలలో పడింది. ఆ మాటెత్తగానే వెంకటేశ్వరరావు కళ్ళు మూసుకుని, చెయ్యెత్తి, కట్టుకున్న భార్యను కొత్త పిలుపుతో పిలిచాడు.

"మాతా! ఇంట్ల పీఠం పెట్టినం. సూదులు, నెత్తుర్లు మాల దిగినంక చూద్దాం. ఏడికి పోతది నీ దొరసాని?"

ప్రమీల ఊరుకుంది. భర్తకు భయపడి కాదు. మాల ఉన్న ఇంట అపచారం చేసిందని నలుగురూ అంటారేమోనని ఊరుకుంది. అలా ఊరుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టడానికి ఇంకా కొన్నాళ్ళు పట్టింది.

ఇంట్లో నీచు ఆగింది గనుక దొరసానికి పక్కింటి ముత్తక్క పెరట్లో విస్తరి పడింది. ముత్తక్క అడవిలో ఇప్పపువ్వు ఏరుకొచ్చి, సంతలో అమ్మి, వచ్చేటప్పుడు ఎండుచేపలు తెచ్చుకునే మనిషి. పిల్లికి ఆ చేపలంటే ప్రాణం. ప్రమీల రోజూ గోడ దాటి, దొంగతనంగా, దొరసానికి నాలుగు చేపలు పెట్టి వచ్చేది. ఒకనాటి పొద్దున ఆ పిల్లి చేప దగ్గరకు వచ్చింది, వాసన చూసింది, తల తిప్పుకుంది. నీళ్ళ తొట్టి దగ్గరకు వెళ్ళి గటగటా తాగింది. సరిగ్గా అప్పుడే వెంకటేశ్వరరావు గోడ మీద నుంచి చూశాడు.

తిట్టాలి గదా, తిట్టలేదు. అతని ముఖం వెలిగిపోయింది.

"చూసినవా మాతా! నువ్వు దొంగతనంగ పెట్టినా ముట్టలే. నీచు వద్దన్నది. తీర్థం తాగింది. నా పిల్లి కూడ దీక్షల ఉన్నది!"

అప్పటిదాకా అది 'నీ దొరసాని'. ఆ పూట నుంచి 'నా పిల్లి' అయింది.

సాయంత్రం భజనలో ఆ సంగతి చెప్పుకున్నాడు. మరునాటికి దాని మెడలో తులసిపూసలు పడ్డాయి, నుదుట సింధూరం పడింది. సెల్‌ఫోన్ల దుకాణం నడిపే వీరబాబు స్వామి వచ్చి, నాలుగు వైపుల నుంచి వీడియో తీసి, పాట కలిపి ఊళ్ళన్నిటికీ పంపాడు. ఇక జనం వచ్చారు. ఆటోల్లో వచ్చారు, ట్రాక్టర్లలో వచ్చారు. పాలు తెచ్చారు, పండ్లు తెచ్చారు, పిల్లికి అరటిపండు తెచ్చిన మహానుభావులు కూడా ఉన్నారు. "పిల్లిస్వామి" అన్నారు. అది ఆడపిల్లి అని ఎవరో గుర్తుచేస్తే "పిల్లిమాత" అని దిద్దుకున్నారు. దొరసాని కిటికీ గట్టు మీద కళ్ళు సగం మూసి, మూతి నుంచి సన్నగా జొల్లు కారుస్తూ కూర్చుంది. ఆ జొల్లును చూసి ఒకావిడ, "ధ్యానంల ఉన్నది తల్లి" అని దండం పెట్టింది.

ఆ దండాలు చూస్తూ ప్రమీల మిషను తొక్కింది. పాతికమంది మనుషులు, ఏభై కళ్ళు, ఒక్క చూపు లేదు. పిల్లి వెన్నుపూసలు లెక్కపెట్టేలా తేలాయి. అదంతా ఉపవాస తేజస్సట!

ముత్తక్క గోడకు ఆనుకుని ఆ సందడినంతా తిలకించి, నోట్లో పొగాకు ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చింది.

"ఏందే పమీలా గీ జాతర?"

"మా పిల్లి నీచు మానేసిందక్కా. మహిమంట."

"గట్లనా? మా ముసలాయన సుత నోట్ల పండ్లు పాడైనంక మాంసం మానిండు. ఆయనకు ఎవ్వడు దండెయ్యలే."

ప్రమీల కాలు మిషను మీద ఆగిపోయింది.

జనం పలచబడ్డాక దొరసానిని ఒళ్ళోకి తీసుకుని, డాక్టరు చూపినట్టు బుగ్గ పక్కగా పెదవి ఎత్తి చూసింది. కుళ్ళిన వాసన గుప్పుమన్నది. వెనకవైపు చిగురు ఎర్రగా ఉబ్బింది, పన్ను మొదట్లో చీము పట్టింది. ఆరునెలలకోసారి కనిపెట్టవలసిన దాన్ని, పరువు కోసం ఊరుకుని, పండనిచ్చింది తానేనని ఆమెకు తెలిసింది. పిల్లి ఆమె వేళ్ళను కరవలేదు. కరవడానికి కూడా దానికి నొప్పిగా ఉంది.

వెంకటేశ్వరరావు పీఠం దగ్గర కూర్చుని వీరబాబుతో యాత్ర ముచ్చట చెబుతున్నాడు. భద్రాద్రికి నడక. ముందు ట్రాక్టరు, ట్రాక్టరు మీద పందిరి, పందిరి కింద పిల్లి. ఆ పిల్లి వెనక తాను, గురుస్వామిగా.

"దీన్ని రేపు ఖమ్మం తీస్కపోతున్న. పన్ను కుళ్ళింది" అంది ప్రమీల.

"నీకేమన్న పిచ్చి లేసిందా? ఎల్లుండి యాత్ర. అన్ని ఊర్లకు మాటిచ్చిన."

"పిల్లినడిగి ఇచ్చినవా?"

వీరబాబు మధ్యలో కల్పించుకున్నాడు. "మాతా, అడ్డం పడకు. అది కోరుకున్న ఉపాసమది. పుణ్యమది."

"ఇటు రా స్వామీ" అంది ప్రమీల. వీరబాబు వచ్చాడు. ఆమె పిల్లి పెదవి ఎత్తి, అతని ముక్కు దగ్గర పెట్టింది. "పుణ్యం వాసన చూడు."

వీరబాబు కాషాయపు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ తరువాత పుణ్యం గురించి మాట్లాడలేదు. వెంకటేశ్వరరావు మాత్రం తల తిప్పుకున్నాడు. చూస్తే నమ్మవలసి వస్తుందని చూడలేదు. అంత తెలివి అతనికి ఎప్పుడూ ఉంది.

తెల్లవారి పూజ నడుస్తుండగా, శరణుఘోష నడుమ నుంచి, బుట్ట చంకన పెట్టుకుని ప్రమీల నడిచి వెళ్ళింది. పోతూ పోతూ దొరసాని మెడలోని తులసిపూసలు తీసి పీఠం మీద పెట్టింది. ఎవరూ ఆపలేదు. ఘోష ఒక్క మెట్టు తగ్గింది, అంతే.

డాక్టర్ హైమ బరువు చూసి పెదవి విరిచింది. "ఇంతగా తగ్గేదాకా ఎట్లా ఊరుకున్నారు ప్రమీల గారూ? మీరు ఎన్నడూ తప్పేవాళ్ళు కారే."

"జనం ఏమంటరోనని, మేడమ్."

"జనం పిల్లి పొట్ట నొక్కి చూస్తారా?"

నెత్తురు పరీక్షలో ఇంకో సంగతి బయటపడింది. మూత్రపిండాలు అలసిపోతున్నాయి. ఆ గటగటా తాగడం తీర్థం కోసం కాదు, ఎంత తాగినా తీరని దాహం. ఏం పెడుతున్నారని డాక్టరు అడిగితే ప్రమీల ఎండుచేపలని చెప్పింది.

"ఉప్పులో ఊరినవా?"

ప్రమీల ఔనని తలూపింది. భర్త భక్తి ఒకవైపు, తన దొంగచాటు గారాబం ఒకవైపు, నడుమ ఆ ముసలి ప్రాణం. ఇంతకాలం ఊరిని చూసి విరుచుకున్న మూతి తనను చూసుకుని విరుచుకోవలసి వచ్చింది ఆమెకు.

ఆ పూటంతా సెలైను ఎక్కించి, మరునాడు మత్తిచ్చి పన్ను తీస్తామన్నారు. ముసలి పిల్లి మత్తు తట్టుకుంటుందో లేదో పూచీ ఇవ్వలేమనీ అన్నారు. ప్రమీల ఖమ్మంలోనే చెల్లెలింట ఆగింది. రాత్రికి వెంకటేశ్వరరావు ఫోను చేశాడు.

"స్వాములు అడుగుతుండ్రు. పిల్లి ఏడికి పోయిందని చెప్పాలె?"

"పన్ను పీకిచ్చుకుంటానికి పోయిందని చెప్పు."

"పరువు పోతది!"

"పిల్లి ఉంటది" అని పెట్టేసింది.

దొరసాని ఉంది. మత్తు దిగి, తూలుతూ లేచి, ముందు కాలి మీద సెలైను కోసం గొరిగిన చోటును నాకి, డాక్టరు వైపు ఒక్కసారి బుస్సుమంది. ప్రమీల ఏడవలేదు. డాక్టరమ్మ నవ్వుతుంటే తానూ నవ్వింది.

ఊరికి వచ్చేసరికి ట్రాక్టరు పందిరి వాకిట్లో ఉంది. పిల్లి కోసమని యాత్రను ఒక రోజు వెనక్కి జరిపారట. ప్రమీల వాళ్ళను దాటుకుని, ముత్తక్క పెరట్లోకి వెళ్ళి, ఉప్పు లేకుండా ఉడికించి మెత్తగా చేసిన చేపను ఆకులో పెట్టింది. స్వాములు గోడ మీదుగా తొంగి చూశారు. దొరసాని ఒక్క ముద్ద రుచి చూసి, కూర్చుని, గుర్రుగుర్రుమంటూ ఆకు నాకేసింది.

వీరబాబు ఫోను దించాడు. "స్వామీ, గిది తింటున్నది!"

"దాని దీక్ష పూర్తయింది స్వామీ" అన్నాడు వెంకటేశ్వరరావు. "విరమణ చేసింది." మాట ఎక్కడా తడబడలేదు.

స్వాములు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పందిరి విప్పారు. తినే పిల్లి ఎవరింట్లోనైనా ఉంటుంది, దాని కోసం ట్రాక్టరు ఎవరు కడతారు?

మరునాటి నడకకు సర్దుకోవడానికి వాళ్ళు ఇళ్ళకు వెళ్ళాక పని మొదలైంది. ఇక నుంచి డాక్టరు నేర్పినట్టు ఇంట్లోనే దానికి తోలు కింద సెలైను ఎక్కించాలి, ఒకరు పట్టుకుంటే ఒకరు సూది పెట్టాలి. ముత్తక్క సంతకు పోయింది.

"స్వామీ, ఇటు రా. పట్టుకో."

"నేనా? మాలల ఉన్న. సూది, నెత్తురు..."

"దండేసిన చేతులే గదా. పట్టు."

అతను కూర్చున్నాడు, పట్టుకున్నాడు. సూది దిగగానే దొరసాని నాలుగు గోళ్ళూ అతని ముంజేతిలో దించింది. కాషాయం మీద నెత్తురు చుక్కలు పడ్డాయి. అతను పళ్ళు బిగబట్టాడు గాని, చుక్క చుక్కగా దిగే నీళ్ళు ఆగేదాకా వదలలేదు.

"మళ్ళెప్పుడు తీస్కపోవాలె?" అన్నాడు, గోళ్ళ గాట్లు చూసుకుంటూ.

"వచ్చే నెల. తర్వాత డాక్టరమ్మ చెప్పినప్పుడల్లా."

"బస్సుల కుదుపు ఎక్కువ. యాత్ర నుంచి వచ్చినంక ఆటో కిరాయికి మాట్లాడుత."

ప్రమీల మెచ్చుకోలేదు. యాత్ర నుంచి వచ్చేసరికి ఇదంతా తన ఆలోచనేనని, పిల్లి రోగం మొదట కనిపెట్టింది తానేనని భద్రాద్రి దాకా చెప్పుకుని వస్తాడని ఆమెకు తెలుసు. చెప్పుకోనీ అనుకుంది. ఆటో వేళకు వస్తే చాలు.