కొరమీను రుద్దే బండ

మా రేవులో బండ పోయింది. తెల్లారి వెళ్ళి చూస్తే దాని చోట నల్లగా నిగనిగలాడే గ్రానైట్ పలక ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

కొల్లేటి ఒడ్డున ఎంత తవ్వినా నల్లమట్టీ నత్తగుల్లలూ తప్ప గులకరాయి కూడా దొరకదు. ఆ బండని మా తాత మెట్ట నుంచి ఏలూరు కాలవ దాకా బండి మీద, అక్కడి నుంచి పడవ మీద తెచ్చాడు. ఆ బరువుకి కొల్లేరు పొంగి కైకలూరు వాళ్ళ గుమ్మాలు తడిశాయంటే పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఊరి ఆడవాళ్ళంతా కొరమీనుకి బూడిద పూసి జిగురు పోయేలా దాని మీదే రుద్దేవారు. ఇన్నేళ్ళు రుద్దినా దాని గరుకు తగ్గలేదు.

ఎందుకు తగ్గలేదో ఏలూరు కాలేజీలో జియాలజీ చదివే మా మనవరాలు మృదుల మొన్ననే చెప్పింది.

“భూమి లోపల కరిగిన రాయి పైకొచ్చి గట్టిపడి నేలయింది తాతయ్యా. కోట్ల ఏళ్ళ తర్వాత రెండు నేలలు గుద్దుకుని కొండలు లేచాయి. అప్పుడీ పాత రాయి లోపలికి దిగిపోయి, ఉడికి, సగం కరిగి, మడతలు పడింది. ఈ ఎర్ర గింజలు గార్నెట్లు. ఆ వేడిలోనే పుట్టాయి. చుట్టూ రాయి అరిగినా ఇవి అంత తొందరగా అరగవు.”

“మీ అమ్మమ్మ గొలుసు కరిగించి గాజులు చేయించినట్టన్నమాట. బంగారం మాత్రం పాతదే.”

“అంతే తాతయ్యా!”

అలాంటి బండని చేపల చెరువుల నిత్యానందం యంత్రంతో ఎత్తించి తన గట్టుకి పడిన గండిలో వేయించాడట. గట్టు మీదకే వెళ్ళాను.

“కోప్పడకండి బాబాయ్ గారూ. బదులు కొత్తది వేయించాను కదండీ. అద్దంలా ఉంటుందండి.”

“నీ మొహం చూసుకోడానికా? కొండలు లేచినప్పుడు నలిగిన రాయయ్యా అది!”

“కొండల్నే మోసింది, నా గట్టు మోయదాండీ?”

వాడి నవ్వుకి నాకు చేతికర్ర ఎత్తాలనిపించింది. ఈలోపు వాళ్ళమ్మ వెంకటనరసమ్మ బూడిద చేతులతోనే రేవు నుంచి వచ్చిపడింది.

“ఒరేయ్! బతికున్న కొరమీను నీ అద్దం మీద పెట్టగానే జారి కొల్లేట్లో పడిందిరా! పులుసులోకి నీ పలక ముక్కలు వెయ్యనా? తియ్యి ఆ బండ!”

“తీస్తే చెరువు తెగిపోద్దమ్మా. చేపలన్నీ కొల్లేట్లోకి పోతాయి.”

“పోనీరా. నువ్వు కొల్లేట్లో తవ్విన చెరువేగా అది! బండ మాత్రం ఊరిది.”

మళ్ళీ యంత్రం వచ్చింది. బండ లేవగానే నీళ్ళు బయటికి ఎగదన్నాయి. ఎగిరిన శీలావతి చేప ఒకటి నా భుజం మీద తువ్వాలు కూడా పట్టుకుపోయింది. మామూలుగా అయితే దానికి నేనే ముందు నవ్వేవాణ్ణి. కానీ బండకి ఒక మూల పెచ్చు ఊడిపోయి ఉంది. ఎర్ర గింజలున్న ఆ పెచ్చు తీసి వాడి ముందు పెట్టాను.

“అన్ని కొండలు కలిసి ఇన్ని కోట్ల ఏళ్ళు నలిపినా మిగిలిందయ్యా ఇది. నీ చేతిలో ఒక్క రోజు కూడా నిలవలేదు.”

వాడు ఈసారి నవ్వలేదు. నేనూ నవ్వలేదు.