పేపరు రాని పదకొండు రోజులు

ఆ శిబిరంలో నూట పది మంది సైనికులకు వండిపెట్టే మనిషిని అందరూ గరిటె బాబాయ్ అనేవారు. సైనికుల మనసు సంగతి డాక్టరుకన్నా తనకే ముందు తెలుస్తుందని అతని ధీమా. గిన్నెలు ఖాళీగా తిరిగొస్తే అంతా బాగున్నట్టు. కూర మిగిలితే ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టు.

కొత్తగా వచ్చిన కెప్టెన్ మంచివాడే కానీ, తాడును చూసి పామనుకునే రకం. పేపర్లలో రోజూ ‘ఈ యుద్ధం మనకెందుకు?’ అని రాతలు, నగరాల్లో ఊరేగింపులు. అవి చదివి కుర్రాళ్లు డీలా పడతారని భయపడి, శిబిరంలోకి పేపర్లు రాకుండా ఆపించాడు.

రెండు రోజులు ఎవరూ పట్టించుకోలేదు. మూడో రోజు నుంచి పుకార్లకు కాళ్లొచ్చాయి. వంతెన కూలిందట అన్నాడొకడు. రాజధాని ఖాళీ చేస్తున్నారట అన్నాడింకొకడు. ఆ మాట భోజనశాల ఈ చివర నుంచి ఆ చివరకు చేరేసరికి ప్రభుత్వమే పారిపోయింది. పదకొండో రోజు సగానికి సగం కూర మిగిలింది. గరిటె బాబాయ్ ప్రాణం చివుక్కుమంది. చేతులు తుడుచుకుంటూనే కెప్టెన్ గదికి వెళ్లాడు.

“సార్, ఉప్పు సరిపోయింది, కారం సరిపోయింది. అయినా ఎవడికీ ముద్ద దిగట్లేదు.”

“చూశావా! అంతా ఆ రాతల వల్లే.”

“ఏ రాతలు సార్? పేపరు మొహం చూసి పదకొండు రోజులైంది. అవి చదివినన్నాళ్లూ అరుచుకునేవాళ్లు, ఆకలేసి శుభ్రంగా తినేవాళ్లు. ఇప్పుడు మనం ఏం దాస్తున్నామోనని బెంగ.”

కెప్టెన్ కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. “నాకూ సరిగ్గా తిండి సయించట్లేదు బాబాయ్,” అన్నాడు చివరికి.

మర్నాడు అన్ని రోజుల పేపర్లూ ఒకే కట్టగా వచ్చాయి. భోజనశాల సంతలా మారింది.

“ఇంట్లో వెచ్చగా కూర్చుని ఎన్నయినా చెబుతారు!” అని సార్జెంటు బల్ల గుద్దాడు.

“చెప్పనీ అన్నా, మనం చావకూడదనేగా,” అన్నాడు పక్కవాడు.

ఇంతలో పొడుగోడని అందరూ పిలిచే కుర్రాడు “మా అమ్మ!” అని కేకేశాడు. మొదటి పేజీ ఫొటోలో, ఊరేగింపు ముందు వరసలో, ‘మా పిల్లల్ని ఇంటికి పంపండి’ అని రాసిన అట్ట పట్టుకుని నోరు బార్లా తెరిచి అరుస్తోంది ఆవిడ.

అందరూ ఫొటో చుట్టూ మూగారు. గుమ్మంలో ఉన్న కెప్టెన్ దగ్గరకొచ్చి, “బాధగా ఉందా?” అని అడిగాడు.

“బాధెందుకు సార్? చిన్నప్పుడు ఆటల్లో పడి ఇంటికి రాకపోతే వీధంతా వినపడేలా పిలిచేది. ఇప్పుడు దేశమంతా వినపడేలా పిలుస్తోంది.”

“మరి ఈ పూట కాపలా?”

“నాదే సార్, వెళ్తా. అప్పుడూ పిలవగానే కదిలేవాణ్ణి కాదులెండి!”

భోజనశాల గొల్లుమంది. కెప్టెన్ కూడా నవ్వాడు. సార్జెంటు మాత్రం ఫొటోను ఎగాదిగా చూసి, “గొంతు గట్టిదేరా మీ అమ్మది,” అని గొణిగాడు.

భోజనాలయ్యాక పొడుగోడు వంటగది బల్ల మీదే ఉత్తరం రాశాడు. గరిటె బాబాయ్ ఉల్లిపాయలు తరుగుతూ అతని భుజం మీదుగా చదివాడు.

“అమ్మా, నిన్ను పేపర్లో చూశాం. అంత చలిలో తలకేమీ కట్టుకోకుండా నిలబడ్డావేంటి? ఇంకోసారి అలా వెళ్తే ఊరుకోను. మావాళ్లంతా నీకు నమస్కారాలు చెప్పమన్నారు. మా సార్జెంటుకి మాత్రం నీతో గొడవ పడాలని ఉందట. సెలవు దొరకగానే నాతోపాటు భోజనానికి వస్తానన్నాడు.”