రెండో సిలిండరు

ఆరు సిలిండర్లలో ఐదు బుద్ధిగా ఉంటాయి, రెండోది కాలిపోతుంది. నది గడ్డకట్టినప్పటి నుంచీ ఇదే గొడవ. మకార్ సరుకు వేసుకుని నది మొగ దగ్గరున్న కింది ఊరికి పోతాడు. తిరిగొచ్చి, చేతి తొడుగులైనా తీయకుండా నా దగ్గరికొచ్చి నిలబడతాడు. పోయేటప్పుడు మళ్ళీ అంతే అంటాడు. వచ్చేటప్పుడో అంటే, వచ్చేటప్పుడు బాగానే ఉందంటాడు. మిగతావి మూడొందల ఇరవై డిగ్రీల దగ్గర ఆగితే రెండోది నాలుగొందల ఇరవై దాటుతుంది. అలాగే తిప్పుతూ పోతే ఏదో ఒకరోజు ఆ సిలిండరు పగులుతుంది. ఆ విమానానికి ఉన్నది ఒకటే ఇంజను. కింద ఉన్నది టండ్రా.

మకార్ నాకు బావ. మా మేనమామ కొడుకు. వాడు పైలట్టు, నేను మెకానిక్కుని. మా ఇద్దరికీ యజమాని హోల్బర్ట్ అనే తెల్లాయన. దూరాన వెచ్చని దక్షిణాది నుంచి వచ్చి మూడు పాత విమానాలు కొని, ఈ షెడ్డు కట్టాడు. షెడ్డు తలుపు సగం వరకే మూసుకుంటుంది. తలుపు బాగుచేయించమని అడిగి అడిగి నా నోరు పడిపోయింది. ఎప్పుడడిగినా చూద్దాం అంటాడు. తలుపు గురించి, చేతి తొడుగుల గురించి, రెండో మెకానిక్కు గురించి అడిగేది నేనొక్కణ్ణే కాబట్టి నాకు నాయకుడని పేరు పెట్టాడు. ఆ పేరుతో పిలిచినప్పుడల్లా నవ్వుతాడు. నాకు నవ్వు రాదు. ఆ చలిలో పట్టుకున్న పానా వేళ్ళ చర్మాన్ని పట్టుకుని వదలదు.

ముందు మీటరునే అనుమానించాను. రెండో సిలిండరు వేడి కొలిచే ప్రోబు తీసి నాలుగో దానికి పెట్టాను, నాలుగోదాని ప్రోబు రెండోదానికి. ప్రోబు అబద్ధం చెబుతుంటే వేడి దానితో పాటు నాలుగోదానికి మారాలి. మారలేదు. మకార్ కింది ఊరికి పోయి వచ్చి, రెండోదే అన్నాడు. అంటే మీటరు నిజమే చెబుతోంది.

తర్వాత పెట్రోలు. పెట్రోలు చిమ్మే నాజిల్లో చిన్న మురికి ఇరుక్కున్నా ఆ సిలిండరుకి పెట్రోలు తగ్గి వేడెక్కుతుంది. ఆరు నాజిళ్ళూ ఊడదీసి, షెడ్డు మూలన పడి ఉన్న పాత పొయ్యి మీద ఆరు జామ్ సీసాలు వరసగా పెట్టి, ఒక్కోదాన్లోకి పెట్రోలు వదిలాను. ఆరింటిలో ఒకే మట్టం. గాలి గొట్టాల అతుకులకు సబ్బునీళ్ళు పూసి, లోపలికి గాలి కొట్టి చూశాను. ఎక్కడా బుడగ రాలేదు. సిలిండర్ల మధ్య గాలిని తోవలో పెట్టే రేకులు, వాటి రబ్బరు పట్టీలు వేలితో తడిమి తడిమి చూశాను. ఒక్క సందు లేదు. నిప్పురవ్వ పడే సమయం సరిగ్గా ఉంది. కంప్రెషన్ బాగుంది. సిలిండర్లని చల్లబరిచే సన్నటి రేకు రెక్కల మీద చేపనూనె జిడ్డు కాస్త ఉంటే తుడిచేశాను. మా విమానాల్లో చేపనూనె అంటని చోటేముంది.

మకార్ని తీసుకుని ఊరి మీద రెండు చుట్లు తిరిగొచ్చాం. వేడి మీటర్లో ఆరు సిలిండర్ల ఆరు ముళ్ళూ అన్నదమ్ముల్లా పక్కపక్కన నిలబడ్డాయి.

సరిగ్గా అక్కడే మకార్ మునగడం మొదలుపెట్టాడు. ఇంజనులో తప్పు లేదంటే తప్పు మనిషిలో ఉందని హోల్బర్ట్ లెక్క. కాఫీ గ్లాసు పట్టుకుని నా పక్కన చేరి, తాపీగా చెప్పాడు. పోయేటప్పుడు బరువుంటుంది, మీ బావ ఓపిక లేక ముక్కు పైకెత్తి ఇంజనుని పీకుతున్నాడు, పెట్రోలు కలిసొస్తుందని మిక్స్చర్ పలచన చేస్తున్నాడు. నువ్వు పక్కనుంటే ఒద్దికగా నడుపుతాడు. నాకు దక్షిణాది కుర్రాడొకడు దరఖాస్తు పెట్టాడు. సోమవారానికి నువ్వొక మాట చెప్పు, యంత్రమా, మనిషా.

నేను ఎంత వెతికి ఏమీ దొరకలేదంటే మకార్ సీటుకి అంత ముప్పు. వాడికి సీటు పోతే ఈ నది పొడుగునా ఇంకో సీటు లేదు. ఇంజను పాడుచేసే పైలట్టన్న పేరు వాడికంటే ముందే అన్ని ఊళ్ళూ చేరుతుంది. వాడి భార్య ఫెవ్రోనియా కడుపుతో ఉంది. నాకు ఒళ్ళు మండింది, కానీ ఆ మంటని ఎవరి మీద పొయ్యాలో తెలియనంత అలసిపోయి ఉన్నాను.

శనివారం నేను కూడా కింది ఊరికి వస్తానన్నాను. సరుకు తూచి ఎక్కించే లుసిల్ నన్ను కిందికీ పైకీ చూసి, రెండు పిండి మూటలు దించితే గానీ నువ్వు పట్టవంది. దించింది. నేను లోపల కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. అద్దం నిండా మంచు పట్టి ఉంది. మకార్ బయట ఇంజను చుట్టూ తిరిగి, ఆయిలు చూసి, ఇంజను మూత మీది చిన్న తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు.

దారి పొడుగునా వాడి చేతులే చూశాను. బావలమే, కానీ ఆ రోజు వాణ్ణి దొంగలా చూశాను. ముక్కు ఎత్తలేదు. మిక్స్చర్ పలచన చేయలేదు. పాపం, నాకంటే జాగ్రత్తగా ఉన్నాడు. అయినా రెండో ముల్లు లేచింది. మూడొందల తొంభై. నాలుగొందలు. నాలుగొందల ఇరవై. మకార్ వేలితో దాన్ని చూపించి, నా వైపు తిరగకుండా కిటికీలోంచి బయటికి చూశాడు. యంత్రం కాదు, మనిషీ కాదు. ఇంకేముంది మిగిలింది.

కింది ఊళ్ళో దిగాం. సరుకు దించాం. కంపెనీ తరఫున అక్కడ మూటలు తీసుకునే ఎఫ్రెం తాత మాతో పాటే మోశాడు. చలి దవడల్లోకి దిగింది. మకార్ విమానం ముందుకి పోయి, ఆయిలు చూసే చిన్న తలుపు తెరిచి, లోపలికి చెయ్యి పెట్టి, వెండి కాగితంలో చుట్టిన పెద్ద పొట్లం ఒకటి బయటికి తీశాడు. పొగలు కక్కుతోంది. విప్పి సగం నా చేతిలో పెట్టాడు. ఫెవ్రోనియా ఎండబెట్టిన సాల్మన్ చేప, నూనె కారుతూ. ఆకలి మీద ఉన్నాను. నోరు నిండా పెట్టుకుని నమిలాను. నమలడం మధ్యలో ఆగిపోయింది.

వాడు చెయ్యి పెట్టిన చోటికి పోయి తొంగి చూశాను. తలుపు కింద సరిగ్గా రెండో సిలిండరు. దాని నెత్తిన రెక్కల మీద, ప్లగ్గు తీగకి ఆనించి పెడితే పొట్లం కదలదు. పైనుంచి కిందికి దిగాల్సిన చల్లగాలి ఆ పొట్లం దగ్గర ఆగిపోతుంది. రెండోది ఉడుకుతుంది, చేప కూడా ఉడుకుతుంది. తిన్నాక పొట్లం ఉండదు, వచ్చేటప్పుడు అంతా బాగుంటుంది. నా దగ్గరికి విమానం వచ్చేది వీళ్ళ భోజనం అయ్యాకే. నేనే మంచు మీద తిరిగే మా నాన్న స్నోమెషిన్ ఇంజను మీద మాంసం వేడిచేసుకుని పెరిగినవాణ్ణి. ఇక్కడ ఆ పని చెయ్యనివాడెవడు. అయినా విమానం దగ్గర ఆ ఆలోచన రాలేదు నాకు.

"ఎన్నాళ్ళ నుంచి బావా ఇది?" అన్నాను.

"పొయ్యి పోయిన కాణ్ణుంచి. ఏం, చల్లారిందా?"

ఎఫ్రెం తాత అక్కడి సరుకు షెడ్డు తలుపు తీసి చూపించాడు. నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులు. పైకప్పులో గొట్టం కన్నానికి గుడ్డలు కుక్కారు. నూనె దండగని శరదృతువులో కంపెనీ పొయ్యి ఎత్తుకుపోయిందట. సరుకు దించి, మళ్ళీ ఎక్కించి, ఇంటికి చేరేదాకా పైలట్టుకి వేడి ముద్ద లేదు, కాళ్ళు కాచుకునే చోటు లేదు.

"మీ షెడ్డులోనే ఉందట కదయ్యా," అన్నాడు తాత. "దాని మీద ఏం వండుతున్నారు?"

జామ్ సీసాలు, అని చెప్పలేకపోయాను.

తిరుగు ప్రయాణంలో ఆరు ముళ్ళూ ఒక వరసలో ఉన్నాయి. మకార్ వాటిని చూశాడు, నన్ను చూశాడు, తన ఒళ్ళోని జిడ్డు కాగితాన్ని చూశాడు. చివరికి అన్నాడు.

"గాస్కెట్టు పోయిందని చెప్పెయ్యి. మార్చేశానని చెప్పు. నేనిక పెట్టను. ఎవడికీ నష్టం లేదు."

నాకూ ఆశ పుట్టింది. ఒక్క మాట, అంతే. కానీ మిగతా రెండు విమానాల్లో ఆరు ముళ్ళు లేవు. పాత మీటర్లు, ఒక్క సిలిండరుకే ప్రోబు. ఆ పైలట్లు కూడా కింది ఊళ్ళకే పోతారు, వాళ్ళకీ అక్కడ పొయ్యిలు లేవు. వాళ్ళ చేపలు ఎక్కడ ఉడుకుతున్నాయో ఏ ముల్లూ చెప్పదు. నేను గాస్కెట్టు అంటే మకార్ బతుకుతాడు, ఇంకోడు మనుషుల్ని ఎక్కించుకుని ఎక్కడో పడతాడు. ఈ మాట వాడికి చెప్పాను. వాడు ఊ అని ఊరుకున్నాడు.

ఆదివారం రాత్రంతా నాకు నిద్రలేదు. మా యూపిక్ తెగవాళ్ళలో ఒకడి తప్పు వాడి మొహాన చెప్పడం మర్యాద కాదు. పెద్దవాళ్ళు కూడా ఎవరికో ఎక్కడో జరిగినట్టు చుట్టూ తిప్పి చెబుతారు. నలుగురిలో మొహాన అనే హక్కు బావకే ఉంది, అదీ ఎగతాళిగా. బావ ఎగతాళికి కోపం తెచ్చుకున్నవాడిని చూసి ఊరంతా నవ్వుతుంది. నాయకత్వం ఎంత వెలగబెట్టినా, ఆ సోమవారం నా చేతిలో ఉన్నది ఆ ఒక్క హక్కు.

పొద్దున అందరం కాఫీ బల్ల చుట్టూ చేరాం. హోల్బర్ట్, మకార్, మిగతా పైలట్లిద్దరు, లుసిల్. హోల్బర్ట్ అడిగాడు, యంత్రమా, మనిషా.

"రెండో సిలిండరుకి జబ్బేమీ లేదు," అన్నాను. "మా బావ దాని నెత్తిన కూచుని భోంచేస్తున్నాడు. మా చెల్లి ఇంట్లో పెట్టే తిండి చాలక సిలిండరు చేత కూడా వండించుకుంటున్నాడు."

బల్ల చుట్టూ నవ్వు లేచింది. మకార్ కాఫీ గ్లాసులోకి చూశాడు. కోపం తెచ్చుకుంటే వాడి పనీ అయిపోయింది, నా పనీ అయిపోయింది.

"వండింది నేను," అన్నాడు. "సగం మింగింది ఇతను. నూనె గడ్డానికి అంటుకుంటే నాక్కున్నాడు కూడా. అంత రుచిగా లేకపోతే మొదటి ముద్దకే పట్టేవాడు తప్పు."

ఇంకా నవ్వారు. హోల్బర్ట్ నవ్వలేదు. ఏమిటిది, సరిగ్గా చెప్పండన్నాడు. చెప్పాను. పొట్లం ఎక్కడ పెడతాడో, గాలి ఎక్కడ ఆగుతుందో, అన్నీ. ఆయన మొహం బిగుసుకుంది. అంటే మనిషే కదా అన్నాడు.

అప్పుడు మిగతా పైలట్లలో పెద్దవాడు గొంతు సవరించుకున్నాడు. తనూ అక్కడే పెడుతున్నానన్నాడు. రెండోవాడు బూట్ల వైపు చూస్తూ, నాది ముందు వైపు సిలిండరు మీద అన్నాడు. లుసిల్ నవ్వాపుకోలేక బయటికి పోయింది. ఒకణ్ణి తీసెయ్యాలంటే ముగ్గుర్నీ తీసెయ్యాలి. దక్షిణాది కుర్రాడు ఒక్కడే. ఆ లెక్క హోల్బర్ట్ మొహంలో నడుస్తుంటే అందరం చూశాం.

"పొయ్యిలు ఎవరు పీకించారు?" అన్నాను.

ఎవరూ నవ్వలేదిక. ఇక నుంచి ఇంజను మీద తిండి పెట్టడానికి వీల్లేదన్నాడు హోల్బర్ట్. మంచిది, ఆ మాట నేనే చెబుదామనుకున్నానన్నాను. మరి పొయ్యి సంగతి అంటే, చూద్దాం అన్నాడు.

షెడ్డు తలుపుకీ ఇదే మాట. అది ఇంకా సగం వరకే మూసుకుంటోంది.

జామ్ సీసాలు తీసి నేల మీద పెట్టాను. పొయ్యిని నేనూ మకార్ చెరోవైపు పట్టుకున్నాం. దిక్కుమాలిన ఇనుము, విమానం దగ్గరికి ఈడ్చేసరికి నడుములు విరిగాయి. దారిలో మూడుసార్లు దించాం. మకార్ ఒక్క ఎగతాళి మాట కూడా అనలేదు, అంత ఓపిక ఇద్దరికీ లేదు. లుసిల్ ఏమీ అడక్కుండా తూచి, బరువు సరిచెయ్యడానికి పిండి మూటలు కొన్ని పక్కన పెట్టింది.

తాళ్ళు బిగిస్తుంటే హోల్బర్ట్ వచ్చి వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. పొయ్యిని చూశాడు. నన్ను చూశాడు.

"ఏమిటి ఈ సరుకు?"

"రెండో సిలిండరు స్పేరు పార్టు," అన్నాను.

ఆయన నాయకుడా అనలేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మకార్ ఇంజను చుట్టూ తిరిగి, ఆయిలు చూసి, చిన్న తలుపు మూసి, ఖాళీ చేతులు రెండూ నాకు చూపించి ఎక్కాడు.

సాయంత్రం తిరిగొచ్చి, తొడుగులు తీయకుండానే నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆరూ ఒకటేనన్నాడు. చేప వేడిగా ఉందా అని అడిగాను. పొయ్యి గొట్టం బిగించేసరికే పొద్దు పోయిందిరా, చల్లదే తిన్నాను అన్నాడు. రేపటికి వేడెక్కుతుందన్నాడు. నేను పానా తీసుకుని రెండో విమానం ఇంజను మూత విప్పడానికి పోయాను. దాని సిలిండర్లు ఎంత కాలాయో ఇంకా చూడాలి.